నాన్న నోట మిగిలిన మాట

కాశింబీ పోయిందని ఆమె మనవరాలు ఫోన్ చేసినప్పుడు నేను అన్నానికి కూర్చోబోతున్నాను. "డాక్టరమ్మా, మా దాదీ పోయింది. నేను పోతే సుగుణకి చెప్పండి అని బతికున్నప్పుడే పదిసార్లు చెప్పింది" అంది. కంచం పక్కకు జరిపి కారు పిలిపించుకుని మాచర్ల వెళ్ళాను. నేను చేరేసరికి అంతా అయిపోయింది. వాళ్ళ ఇంటి ముందు నాపరాతి అరుగు మీద కాసేపు కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగి తిరుగుముఖం పట్టాను. నాకు తోడు వచ్చిన కుర్రాడు ఒకప్పుడు నా విద్యార్థి, ఇప్పుడు తనే ప్రొఫెసరు. దారిలో ఉండబట్టలేక "మేడమ్, ఆమె మీకేమవుతారు?" అని అడిగాడు. "నాకు న్యూరాలజీ మొట్టమొదట చెప్పింది ఆమే" అన్నాను. నవ్వాడు. అన్నేళ్ళు నా కింద పనిచేసి, నా తిట్లు తిని, నేను హాస్యమాడే మనిషిని కానని వాడికి ఈపాటికి తెలిసుండాలి.

పక్షవాతం వచ్చినవాళ్ళను చూడడం, ఎలా చూడాలో కుర్రడాక్టర్లకు నేర్పడం, నా ఉద్యోగమంతా ఇదే. రిటైరయ్యాక సన్మానాలు మొదలయ్యాయి. శాలువా కప్పే ప్రతివాడూ మైకు ముందు ఒకే పాట పాడతాడు. తండ్రి పక్షవాతంతో పోతే ఆ దుఃఖంలోంచి ప్రతిజ్ఞ పూని, తండ్రి ఆశయం నెరవేర్చిన కూతురట. వినీ వినీ ఒళ్ళు మండుతుంది. ఆశయం లేదు, మట్టిగడ్డా లేదు. మా నాన్న నన్ను డాక్టరు చదువు వద్దన్నాడనే నేను చాలా ఏళ్ళు నమ్మాను. ఆయన మీద కోపంతోనే చదివాను. అసలు జరిగిందేమిటో చెప్పగలిగిన చివరి మనిషి కాశింబీ. ఆమె కూడా వెళ్ళిపోయింది కాబట్టి, ఇక నేను రాయకపోతే ఆ శాలువాల వాళ్ళు చెప్పిందే నిజమైపోతుంది.

మా నాన్న దేవసహాయం మాస్టారు, మాచర్లలో మిషన్ బడి హెడ్మాస్టరు. మా ఇల్లు బడికి రెండు వీధుల అవతల, రైలు కట్టకు దగ్గర. నేల నాపరాళ్ళు, గోడలు రాళ్ళు, పైకప్పూ రాతి పలకలే. వేసవిలో ఆ ఇంట్లో ఉండడమంటే రొట్టెల పెనం మీద కాపురమే. సాయంత్రం అమ్మ నేల మీద బిందెలతో నీళ్ళు కుమ్మరించేది. రాయి చుయ్యిమనేది, ఒక తడి మట్టివాసన లేచేది. ఆ వాసన నాకు ఇంకెక్కడా దొరకలేదు. తెల్లవారితే నాన్న ముందు ప్రార్థన, తర్వాత గడ్డం, తర్వాత అన్నం. పొద్దున్నే వేడన్నం తిని బడికి వెళ్ళడం ఆయన అలవాటు. పచ్చడి ఏదైనా ముద్దకు గోరంత, చివరికి మజ్జిగ మాత్రం కంచం నిండా. ఆయన ధోవతికి, చేతులకు, చివరికి వాడిన తువ్వాలుకు కూడా సుద్దముక్క వాసన ఉండేది. సాగర్ డ్యామ్ కడుతున్న రోజులు. ఆయన దగ్గర అక్షరాలు నేర్చినవాళ్ళే అక్కడ మేస్త్రీలుగా, గుమాస్తాలుగా చేరి, ఆదివారం లారీ దిగి వచ్చి ఆయనకు దణ్ణం పెట్టి పోయేవాళ్ళు.

ఆయనతో ఒక్కటే చిక్కు. ఏది అడిగినా అవుననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. "చూద్దాంలే" అనేవాడు. కొత్త ఓణీ అడిగితే చూద్దాంలే. పెంకులు మార్పిద్దామని అమ్మ వంటపాక గురించి అడిగితే చూద్దాంలే. "ఈయన చూడ్డంతోనే నా జన్మ తెల్లారిపోయిద్దే" అని అమ్మ రాగం తీసేది. చిత్రమేమిటంటే చూద్దాంలే అన్నవాటిలో సగానికి పైగా ఏదో ఒక రోజు చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చేవి. గుంటూరులో హాస్టల్లో ఉండి పి.యు.సి. చదువుతానన్నప్పుడూ చూద్దాంలే అనే అన్నాడు. వారం తిరక్కుండా నా ట్రంకుపెట్టె మీద నా పేరు తెల్ల రంగుతో రాయించుకొచ్చాడు. పి.యు.సి. అయ్యాక మెడికల్ కాలేజీకి అర్జీ పెడతానన్నాను. చూద్దాంలే అన్నాడు. అర్జీ మీద సంతకం పెట్టించుకున్నది మాత్రం నేనే, బడికి పోయే తొందరలో, వాకిట్లో నిలబెట్టి. ఏం సంతకం పెడుతున్నాడో చదివి పెట్టాడో లేదో నాకు తెలియదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత నన్ను కాల్చింది ఇదే.

ఆ పొద్దున నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. లోపల కంచు గిన్నె రాతినేల మీద పడిన మోత వినిపించింది, వెంటనే అమ్మ కేక. వెళ్ళేసరికి నాన్న కంచం ముందు కుడిపక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. మూతి ఎడమకు లాగేసింది. నేలంతా మజ్జిగ. లేపబోతే కుడిచెయ్యి నా భుజం మీంచి జారి కింద పడింది. అది ఆయన చెయ్యి కాదన్నట్టు ఆయన దానివంక చూశాడు. తర్వాత నా వంక చూసి, చాలా స్పష్టంగా, బళ్ళో పాఠం చెప్పే గొంతుతో, "వద్దు" అన్నాడు.

ఊళ్ళో ఒక ముసలి డాక్టరుండేవాడు. వచ్చి నాడి పట్టి, కంట్లో దీపం వేసి, దేవుడి మీద భారం వెయ్యమని వెళ్ళిపోయాడు. గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోదామని నేనంటే, పచ్చవాతం మనిషిని కదిలిస్తే దారిలోనే ప్రాణం పోతుందన్నారు. గాలి తగలకూడదని గది కిటికీలకు గోనెలు కట్టారు. స్నానం లేదు, వెలుతురు లేదు. ఆ ఎండల్లో, ఆ రాతి గదిలో, దుప్పటి కప్పి పడుకోబెట్టారు. మూడో రోజున మా చిన్నాయన ఏలియా గురజాల నుంచి గంపలో పావురాళ్ళు తెచ్చాడు. పావురం నెత్తురు వేడివేడిగా పడిపోయిన పక్కకు రుద్దితే రక్తం మళ్ళీ పారుతుందని మా వైపు నమ్మకం. ఇదే మాటను బడిలో పిల్లలకు చెప్పి నవ్వించి, "నెత్తురు మీద నెత్తురు పూస్తే ఏమొస్తదిరా? ఈగలొస్తయ్" అనేవాడు నాన్న. పావురం మెడ తిప్పుతుంటే ఆయన ఎడమచేత్తో తోసేస్తూ "వద్దు, వద్దు, వద్దు" అన్నాడు. చిన్నాయన ఆ చెయ్యి పట్టుకుని "రోగి చెప్పింది వినకూడదు వదినా, నువ్వు పట్టు" అన్నాడు. అమ్మ పట్టుకుంది. ఈగలొచ్చాయి.

ఆ తర్వాత ఏమడిగినా అదే మాట. అన్నం పెట్టనా అంటే వద్దు. నీళ్ళిమ్మంటారా అంటే వద్దు. మా ఇంట్లో నాన్న ఒక మాటన్నాక రెండోసారి అడిగే ఆచారం లేదు. అమ్మ కంచం తీసేసేది. తీసేస్తుంటే ఆయన కళ్ళు కంచం వెంబడే గుమ్మం దాకా వెళ్ళేవి. "అలిగాడే మీ నాయన. నేనేం తప్పు చేశానో చెప్పకుండా అలిగాడు" అని అమ్మ వంటింట్లో కూలబడి ఏడ్చేది. అలాగే రెండు రోజులు గడిచాయి. ముద్దకు మొహం వాచి పడుకున్న మనిషిని పక్కన పెట్టుకుని, ఆయన మాట జవదాటకుండా ఆయన్ను పస్తులుంచిన ఘనత మాది.

అప్పుడొచ్చింది కాశింబీ. మా వెనకింట్లో ఉండేది, ముప్పై ఏళ్ళకు అటూ ఇటూగా ఉండేది. భర్త పెట్రోమాక్సు దీపాలు బాగుచేసేవాడు. ఇంట్లో ఒక మరిది, పుట్టు మూగ. స్టేషను దగ్గర నాపరాళ్ళు బండ్లకెత్తే పనికి పోయేవాడు. మా నాన్నను మాస్టరన్న అనేది, అమ్మను వదినా అనేది. గదిలోకి వస్తూనే కిటికీ గోనె ఒకటి పీకి అవతల పారేసింది. గ్లాసు ఆయన మొహం ముందు పెట్టి, "నీళ్ళు తాగుతావా మాస్టరన్నా?" అంది. "వద్దు." తల కింద చెయ్యి వేసి లేపి కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా నోటికి అందించింది. గ్లాసు ఖాళీ చేశాడు. "చాలా?" అంది. "వద్దు." "నేను పొయ్యేదా మరి?" "వద్దు." "ఉండేదా?" "వద్దు." కాశింబీ గ్లాసు కింద పెట్టి మా అమ్మవైపు తిరిగింది.

"ఇది వద్దు గాదు వదినా. ఆయన నోట్లో ఆ ఒక్క మాటే మిగిలింది, మిగతాయన్నీ కొట్టుకుపోయినయ్. అవునన్నా అదే, కాదన్నా అదే. మా మరిది నోట్లో ఆ ఒక్కటి గూడా లేదు, ఐనా వాడితో నేను బతకట్లా? నోరు సూడబాక. కళ్ళు సూడు."

ఇంతే. దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు తర్వాత బోలెడు పుస్తకాలు కావలసొచ్చాయి. ఆమెకు ఒక గ్లాసు నీళ్ళు సరిపోయాయి. ఆ రోజునుంచి నాన్న వద్దంటున్నా అమ్మ అన్నం పెట్టింది, ఆయన తిన్నాడు. వద్దంటున్నా నీళ్ళిచ్చింది, తాగాడు. పది రోజులయ్యేసరికి ఇంట్లో అందరికీ ఇది తెలిసిపోయింది. మా ఆరేళ్ళ తమ్ముడు కూడా "నాన్న వద్దంటే పెట్టమని" అని వీధిలో చెప్పుకునేవాడు. అందరికీ తెలుసు. చిన్నాయనకు తెలుసు. నాకూ తెలుసు. ఇక్కడే ఆగి మరోసారి రాస్తున్నాను, నాకూ తెలుసు.

ఇంటర్వ్యూకు రమ్మని గుంటూరు మెడికల్ కాలేజీ నుంచి కార్డు వచ్చింది. పెద్దవాళ్ళెవరైనా తోడుండి రావాలి. మగదిక్కు చిన్నాయన ఒక్కడే. ఆయన గురజాలలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. దావా, రుజువు, సాక్షి, ఫైసలా అనే మాటలు లేకుండా ఆయన కూర ఉప్పగా ఉందని కూడా చెప్పలేడు. దుర్మార్గుడు కాదు. భయస్తుడు. అన్న మంచాన పడ్డాడు, వదిన, ఇద్దరు పిల్లలు ఎక్కడ తన మెడకు చుట్టుకుంటారోనని ఆయన బెంగ. మాస్టారి కూతురు గనక నన్ను బడిలో పంతులమ్మగా తీసుకుంటామని అప్పటికే ఎవరో అన్నారట. నేను ఆ కుర్చీలో కూర్చుంటే ఇల్లు గడిచిపోతుంది. అది నోరు విప్పి నాతో చెప్పి ఉంటే, ఏమో, నేనే ఒప్పుకునేదాన్నేమో. కానీ కోర్టు మనిషి కదా, తన మీద మాట రాకుండా ఫైసలా కావాలి.

ఒక ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు ఇద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళను మంచం పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టాడు. నన్ను పిలిచాడు. అమ్మ తలుపు చాటున నిలబడింది. కాశింబీ జావ గిన్నెతో అప్పుడే పెరటి గుమ్మంలోకి వచ్చింది. చిన్నాయన గొంతు సవరించుకుని, అక్షరం అక్షరం విడదీసి అడిగాడు.

"అన్నా, పెద్దలున్నారు, వాళ్ళ ముందు అడుగుతున్నా. అమ్మాయిని డాక్టరు చదువుకి పంపమంటావా?"

నాన్న నా వంక చూశాడు. "వద్దు" అన్నాడు.

"ఇంకోసారి అడుగుతున్నా. బాగా ఆలోచించి చెప్పు. పంపమంటావా?"

"వద్దు. వద్దు. వద్దు." ఆ మూడోసారికి కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. ఎడమచెయ్యి మంచం మీంచి పాకి నా ఓణీ కొంగు దొరకబుచ్చుకుంది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందంటే పిన్ను ఊడిపోయింది.

"విన్నారుగా" అన్నాడు చిన్నాయన పెద్దలతో. "కూతుర్ని దూరం పంపలేక ఎట్టా ఏడుస్తన్నాడో చూశారుగా. ఇంక నేను చెయ్యగలిగిందేముంది?"

గుమ్మంలోంచి కాశింబీ అంది: "ఏలియా, చదువు మానిపించమంటావా అని గూడా అడుగు."

చిన్నాయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "సాయిబుల ఆడమనిషివి, మా ఇంటి ఫైసలాలో నీకేం పనమ్మా? పో, నీ పని చూసుకో." ఆమె గిన్నె గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయింది. పెద్దలు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఆ కన్నీళ్ళు చూసి అమ్మ కూడా అది నిజం వద్దే అనుకుంది. అన్నానికి వద్దంటే అర్థం లేని మాట. పావురం నెత్తురుకు వద్దంటే వినకూడని మాట. నా చదువుకు వద్దంటే మాత్రం బైబిలు లేఖనమైపోయింది.

నన్ను మీరు అడగొచ్చు, నీ నోరేమైందమ్మా అని. కాశింబీ అడగమన్న ప్రశ్న నేనైనా అడగొచ్చు కదా. పి.యు.సి.లో సైన్సు చదివిన దాన్ని. "నాన్నా, నన్ను చదువు మానమంటావా?" అని నాలుగు మాటలు. అప్పుడు కూడా వద్దే అనేవాడు, పెద్దల ముందే తేలిపోయేది. అడగలేదు. కోపం. పదిమందిలో మా నాన్న నన్ను వద్దన్నాడని కోపం. అర్జీ మీద చదవకుండానే సంతకం పెట్టాడేమో, ఇప్పుడు తెలిసి వద్దంటున్నాడేమో అని లోపల ఒక పురుగు తొలిచింది. కొంగు ఆయన చేతిలోంచి లాక్కుని పెరట్లోకి వెళ్ళిపోయాను. ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సొచ్చింది. ఇంటర్వ్యూ రోజు పొద్దున గుంటూరు రైలు కూత వేసుకుంటూ మా ఇంటి వెనకనుంచే వెళ్ళింది. కట్ట అదిరి గూట్లో గ్లాసులు గలగలమన్నాయి. రోజూ గలగలమనేవే, నేను ఎన్నడూ పట్టించుకోలేదు.

ఆ తర్వాత నాన్న నలభై రోజులు బతికాడు. ఆ నలభై రోజులూ ఆయన మంచం దగ్గరికి నేను పని ఉంటే తప్ప వెళ్ళలేదు. దుప్పటి మార్చాను, గిన్నెలు తీశాను, మొహం చూడలేదు. గది ముందునుంచి నడిచిపోతుంటే లోపల్నుంచి "వద్దు, వద్దు" అని వినిపించేది, ఒకోసారి మెల్లగా, ఒకోసారి కేకలాగా. రమ్మని పిలుస్తున్నాడని అమ్మ అనేది. "వద్దంటున్నాడుగా, వద్దంటే వినాలిగా" అనేదాన్ని నేను. పదిహేడేళ్ళ దాని నోట్లోంచి అంత విషం ఎలా వచ్చిందో. చివరికి దగ్గు, జ్వరం, ఆయాసం. ఒక మధ్యాహ్నం పోయాడు. అప్పుడు పక్కనున్నది అమ్మ, కాశింబీ. నేను బడిలో కొత్త పంతులమ్మగా హాజరుపట్టీలో పేర్లు పిలుస్తున్నాను.

రెండేళ్ళు ఆ బడిలో పనిచేశాను. రెండో ఏడు చివర్లో ఒక రోజు అమ్మ నన్ను కూర్చోబెట్టి పలక ముందు పెట్టింది. "నా పేరు రాయడం నేర్పు" అంది. ఎందుకంటే చెప్పలేదు. మరియమ్మ, నాలుగక్షరాలు. నెల రోజులు పట్టింది. తర్వాత మళ్ళీ అర్జీ తెప్పించమంది. దాని మీద తన చేత్తో, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, సంతకం చేసింది. "మీ నాయన వద్దన్నాడు. నేను పొమ్మంటన్నా. పైకి పొయ్యాక ఆయన అడుగుతాడు, నా మాట కాదని ఎందుకు పంపావే అని. నేను జవాబు చెప్పుకుంటాలే" అంది. ఇంటర్వ్యూకు నాతో రైలెక్కింది కూడా అమ్మే. మొగుడి ఆఖరి మాట మీరిన పాపం నెత్తిన పెట్టుకుని నన్ను డాక్టర్ని చేసింది. ప్రతి ఆదివారం గుడిలో ఆమె అందరికంటే ఎక్కువసేపు మోకాళ్ళ మీద ఎందుకుండేదో నాకు తెలుసు. అయినా నాకు జాలి కలగలేదు, నాన్న మీద కోపమే ఇంకా.

మూడో ఏడు మెడికల్ వార్డులో పడ్డాను. ఒక రోజు మా ప్రొఫెసరు ఒక రైతు మంచం దగ్గర ఆగాడు. కుడిపక్క పడిపోయింది. ఏమడిగినా "అవును" అంటున్నాడు. ప్రొఫెసరు మా వైపు కన్ను గీటి, "పెద్దాయనా, మీరు ఆడవారా?" అన్నాడు. "అవును." "మగవారా?" "అవును." వార్డంతా పగలబడి నవ్వింది. ఆ రైతు కూడా నవ్వబోయాడు, నవ్వు సగం మొహానికే వచ్చింది. ప్రొఫెసరు చెప్పసాగాడు. మెదడు ఎడమవైపు దెబ్బతింటే మాటలన్నీ పోయి ఒకోసారి ఒక్క మాటే మిగులుతుందని, ఏమడిగినా అదే పలుకుతుందని, అందుకని ప్రశ్న ఎప్పుడూ రెండు వైపులనుంచీ అడగాలని. మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఏలియా, చదువు మానిపించమంటావా అని గూడా అడుగు. పెరటి గుమ్మంలో జావ గిన్నెతో నిలబడ్డ మనిషి చెప్పిన పాఠమే.

సెలవులకు ముందు గురజాల వెళ్ళాను. చిన్నాయన వసారాలో కాగితాల కట్టలు ముందేసుకుని కూర్చున్నాడు. "నీకు తెలుసుగా చిన్నాయనా" అన్నాను. ఏమిటని ఆయన అడగలేదు. అంటే నాలుగైదేళ్ళుగా ఆ ప్రశ్న కోసం సిద్ధంగానే ఉన్నాడన్నమాట.

"సుగుణా, అడిగామా లేదా? అడిగాం. చెప్పాడా లేదా? చెప్పాడు. సాక్షులున్నారా లేదా? ఇంకా ఉన్నారు, పోయి కనుక్కో. ఇంక దీంట్లో అబద్ధం యాడుందే?"

"అన్నం వద్దంటే పెట్టారు కదా?"

"అన్నం సంగతి వేరే. అన్నం పెట్టకపోతే మడిసి చస్తాడు. చదువు లేకపోతే ఎవురు చచ్చారే?" అని, కాగితాల కట్ట ముడి బిగిస్తూ, "అయినా చదూతానే ఉన్నావుగా, ఏం పోయిందిప్పుడు?" అన్నాడు. పిన్ని మజ్జిగ తెచ్చింది. తాగకుండా వచ్చేశాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు, ఆయన పోయినప్పుడు కూడా. తప్పనుకుంటే అనుకోండి.

ఇప్పుడు రోజులు మారాయంటారు. మారాయి. అంబులెన్సుంది, మెదడును ముక్కముక్కలుగా ఫొటో తీసే యంత్రముంది, కొన్ని గంటల్లోపు తెస్తే గడ్డను కరిగించే సూదిమందుంది. నేను రిటైరవడానికి ముందు గురజాల వైపునుంచే ఒకాయన్ని తీసుకొచ్చారు, మూడో రోజున. కుడిచేతి మీద ఎండిన నెత్తురు, దానికి అతుక్కుని ఒక చిన్న బూడిదరంగు ఈక. తెచ్చింది ఇంజనీరింగ్ చదివిన కొడుకు. "ఎందుకైనా మంచిదని చేయించాం మేడమ్" అన్నాడు. ఇంకొకరు, మాట పడిపోయిన తల్లి చెవి దగ్గర వంగి, "ఆపరేషన్ వద్దంటున్నావా అమ్మా?" అని అడిగి, ఆమె తలూపితే, "చూశారా, వద్దంటోంది" అని నాకు చెప్పారు. చేతిలో ఫోను, నోట్లో ఇంగ్లీషు, బుర్రలో అదే ఫైసలా. మేము అప్పుడు తెలియక చేశామని సర్దుకోవచ్చు. వీళ్ళకు తెలియకేం? నేను అలాంటి వాళ్ళను బయటికి పంపేసి, కుర్చీ లాక్కుని, అదే ప్రశ్న తిరగేసి అడిగేదాన్ని, కళ్ళు చూస్తూ. నా విద్యార్థులు దాన్ని మేడమ్ పరీక్ష అంటారు. ఎవరి పరీక్షో వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, అది కాశింబీ పరీక్ష. గుర్తుపెట్టుకోండి.

చిన్నాయన గడప దిగిన రోజే, గురజాల నుంచి నేరుగా మాచర్ల వెళ్ళి అమ్మకు చెప్పాను. వంటింట్లో మజ్జిగ చిలుకుతోంది. నాన్న వద్దన్నది నా చదువును కాదని, ఆయన ఏ మాటా అనలేదని, అనడానికి ఆయనకు ఇంకో మాట లేదని, నాకు చేతనైనంత తేలిగ్గా చెప్పాను. కవ్వం ఆగిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే నేను ఆయన మాట మీరలా?"

"మీరలేదమ్మా."

"ఇన్నేళ్ళూ ఊరికే మొక్కుకున్నానా?"

ఒక్కోసారి, మెదడుకు దెబ్బ తగిలే క్షణంలో నోట్లో ఉన్న మాటే చివరిదాకా మిగిలిపోతుందని కొందరు పెద్ద డాక్టర్లు అనుకునేవారట. రుజువైన సంగతి కాదు. ఆ మాట నేను కొత్తగా చదివి ఉన్నాను. అందుకని అడిగాను. "అమ్మా, ఆ పొద్దున నాన్న పడిపోయే ముందు ఆయనతో ఏం మాట్లాడుతున్నావు?"

అమ్మ కుండలోకి చూస్తూ చెప్పింది.

"ఏముందే. కంచంలో మజ్జిగ పోశా. ఇంకొంచెం పొయ్యమంటారా అన్నా. చెయ్యి అడ్డం పెట్టి, వద్దు అన్నాడు."